ఊపిరి సంధి

“ముందు ఆ ఫ్యాను కట్టేయండి.”

ప్రాణాయామం నేర్చుకుందామని వెళ్ళిన మొదటి రోజు మాస్టారి నోట విన్న మొదటి మాట అది. రాజమండ్రిలో, గోదావరి గట్టుకు నాలుగు వీధుల ఇవతల, ఓ పాత మేడ మీది గది. వైశాఖ మాసం. తెల్లవారుజాము అయిదున్నరకే చొక్కా వీపుకు అంటుకుంటోంది. చాపల మీద పన్నెండు మందిమి కూర్చున్నాం. ఈ ఉక్కలో ఫ్యాను లేకుండానా అన్నట్టు ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఎవరో లేచి స్విచ్చి ఆపారు. రెక్కలు విడివిడిగా కనబడేదాకా నెమ్మదించి, ఆఖరి చుట్టు తిరగాలా వద్దా అని తటపటాయించి, ఫ్యాను ఆగింది. గదిలో ఇంకో చప్పుడు మిగిలింది. ఎక్కడో దూరంగా ఎవరో ఎండుటాకులు ఊడుస్తున్నట్టుంది. కాసేపటికి గాని తెలియలేదు, అది మా పన్నెండు మంది ఊపిరి. యాభై ఏళ్ళుగా నాతో ఉన్న చప్పుడును నేను వినడం అదే మొదలు.

మాస్టారు హైస్కూల్లో ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పి రిటైరయినవారు. పాఠం అక్కణ్ణుంచే ఎత్తుకున్నారు.

“ప్రాణాయామం. విడదీయండి చూద్దాం.”

“ప్రాణ, ఆయామం అండి.”

“ఏం సంధి?”

“సవర్ణదీర్ఘం అండి.”

“ప్రాణ చివర ఓ అకారం ఉంది. ఆయామం మొదట ఓ ఆకారం ఉంది. కలిశాక ఆ రెండూ ఎక్కడికెళ్ళాయండీ?”

ఎవరం మాట్లాడలేదు. “సరే, తీరిగ్గా చెబుదురు గాని. ముందు ఊపిరి వదలండి,” అన్నారు. పీల్చమంటారని ఎదురుచూస్తున్న వాళ్ళం తడబడ్డాం.

నిజానికి అంతకు ముందు నాకు ప్రాణాయామమంటే ముక్కు మూసుకోవడమే. మన భాషలో ఆ మాటకు కాస్త వెక్కిరింత కూడా ఉంది. పనీపాటా లేనివాణ్ణి ‘ముక్కు మూసుకుని కూర్చున్నాడు’ అంటాం. ఉపనయనం నాడు వటువు వేళ్ళు మడిచి ముక్కు పట్టుకోలేక అవస్థ పడుతుంటే చుట్టూ చేరి నవ్వుతాం. ఆయామమంటే అణచడమని కదా ఇన్నాళ్ళూ అనుకున్నది! నిఘంటువు తెరిస్తే పొడవు, విస్తారం అని ఉంది. ఊపిరిని కట్టడి చేయడమనుకున్నది, ఊపిరికి చోటివ్వడమని తేలింది. ఒక్క మాట అర్థం సరిపడగానే నా భుజాలు రెండంగుళాలు కిందికి దిగాయి.

వదలమన్నారు కదా. వదలడం మనకు తెలిసిన పనే అనుకుంటాం. మనం ఊపిరిని వదలం, పారేస్తాం. బస్సు అందుకునేవాడు చేతిలోని టీ గ్లాసు పెట్టేసినట్టు గబుక్కున పెట్టేసి తరువాతి దాని కోసం ఎగబడతాం. మాస్టారు నేర్పిన రేచకం అలా ఉండదు. పొట్ట మెల్లగా లోపలికి పోతుంది. పక్కటెముకలు ఒక్కొక్కటే ముడుచుకుంటాయి. ముక్కు చివర గాలి వెచ్చగా, పలచగా, దారంలా సాగి, ఇక ఉందో లేదో తెలియనంత సన్నబడుతుంది. సన్నాయి వాయించేవాడు రాగం ముగిస్తూ స్వరాన్ని గాలిలో కలిపేసినప్పుడు, అది ఆగిందా, మన చెవికి అందకుండా ఇంకా సాగుతోందా అన్న అనుమానం వస్తుందే, అదే అనుమానం ఇక్కడా.

ఆ తరువాత ఒక ఖాళీ. పీల్చాలన్న తొందర ఇంకా పుట్టలేదు, వదలడానికి ఏమీ మిగల్లేదు. అరక్షణమే. ఆ అరక్షణంలో మనసు కూడా ఒక మాట మీది నుంచి ఇంకో మాట మీదికి దూకబోతూ కాలు గాలిలో ఉన్నట్టు నిలిచిపోతుంది. అక్కణ్ణుంచి పూరకం దానంతటదే మొదలవుతుంది. పొట్ట కింది నుంచి నిండుతూ, ఛాతీ విచ్చుకుంటూ, కంఠం దాకా. చెరువులోకి కొత్త నీరు వచ్చినట్టు ముందు అడుగు తడుస్తుంది, తరువాతే మట్టం పెరుగుతుంది. నిండాక మళ్ళీ ఓ నిలకడ. దానికి కుంభకమని ఎవరు పేరు పెట్టారో గాని కడవను ఎరిగిన మనుషులు. నిండు కుండ తొణకదన్న మన సామెతకు ఇంతకన్నా సూటి వ్యాఖ్యానం లేదు.

కుంభకం నాకు వంటింటి దారిలోనూ అర్థమైంది. హైదరాబాదు బిర్యానీకి ‘దమ్’ పెడతారు. హండీ మూత చుట్టూ పిండి అంటించి ఆవిరి బయటికి పోకుండా బిగిస్తారు. దమ్ అంటే పారశీకంలో ఊపిరి. కుండ ఊపిరి బిగబడుతుందన్న మాట. మంట ఎక్కువ పెడితే అడుగంటుతుంది, మూత ముందే తీస్తే మెతుకు విచ్చుకోదు. బిగబట్టిన ఆ ఆవిరిలో బియ్యమూ మాంసమూ కలిసి మూడోదేదో అవుతుంది. అదే దమ్ము మన నోట ధైర్యమైంది, దమ్ముంటే రమ్మని సవాలైంది, చుట్ట కాల్చేవాడి దగ్గర ఒక పీల్పు అయింది.

తెలుగు మాట ఎక్కడ తట్టినా ఊపిరే మోగుతుంది. ఊపిరి సలపనంత పని. గుక్క తిప్పుకోకుండా తిట్టడం. ఉసూరుమంటూ ఇల్లు చేరడం. పేదవాడి ఉసురు పోసుకోవద్దనే హెచ్చరిక. కష్టం గట్టెక్కగానే ‘హమ్మయ్య’. ఈ ఆఖరి మాటను ఒకసారి పైకి అని చూడండి. పెదవులు మూసి కూడబెట్టిన గాలి చివరి యకారం మీద జారి వెళ్ళిపోతుంది. ఎవరూ నేర్పని రేచకమది. మన వ్యాకరణం అచ్చులను ప్రాణాలంది, హల్లులను ప్రాణులంది. ప్రాణం తోడు లేని హల్లు పొల్లయిపోతుంది. ఇలాంటి పరిభాష ఉన్న భాషలో పుట్టినవాడికి ప్రాణాయామం కొత్త విద్య కావడానికి వీల్లేదు. నోటితో రోజంతా చేస్తున్నదే ముక్కుతో తీరిగ్గా చేయడం.

పతంజలి ప్రాణాయామాన్ని నిర్వచించిన తీరు చూసి నేను చాలాసేపు ఆగిపోయాను. ఎక్కువ గాలి పీల్చమని ఆయన ఎక్కడా అనలేదు. శ్వాస ప్రశ్వాసల నడక తెగే చోటును చూపించాడు. తెగడానికి ఆయన వాడిన మాట విచ్ఛేదం. సంస్కృత ఛందశ్శాస్త్రం పద్యంలోని యతిని చెప్పడానికీ అదే మాట వాడుతుంది. చదువుతూ చదువుతూ గొంతు ఆగే చోటు యతి. ఇంద్రియాలను నిలిపినవాడూ యతే. ఒకే పేరును పద్యపాదంలో విరామానికీ, కాషాయం కట్టిన మనిషికీ పెట్టారంటే ఆ పెద్దలకు ఆగడం ఎంత విలువైన పనో తెలిసుండాలి.

మన తెలుగు కవులు దీన్ని ఇంకొంచెం ముందుకు తీసుకెళ్ళారు. సంస్కృతంలో యతి దగ్గర ఆగుతారు. తెలుగులో ఆగనక్కర్లేదు, అక్షరం అక్షరంతో చెలిమి చేస్తే చాలు. ఉత్పలమాలలో పదో అక్షరం, చంపకమాలలో పదకొండో అక్షరం పాదం మొదటి అక్షరాన్ని గుర్తు చేసుకుని పలకరిస్తుంది. విచ్ఛేదం కాస్తా మైత్రి అయింది. కుంభకం సంగతీ అంతే. మొదటి వారం అది నాకు తెగిపోవడంలా ఉండేది. లోపల ఎవరో తలుపు తడుతున్నట్టు కంగారు. మూడో వారానికి, లోపలికి వచ్చిన ఊపిరీ బయటికి వెళ్ళాల్సిన ఊపిరీ గుమ్మంలో ఎదురుపడి క్షేమం అడుగుతున్నట్టు అనిపించింది.

రసం మాటకొస్తాను. భరతుడి నాట్యశాస్త్రం ముక్కుకు ఆరు రకాల అభినయం చెప్పింది. శోకానికో ఊపిరి, క్రోధానికో ఊపిరి, పరిమళానికో ఊపిరి. మంచి నటుడి మొహం చూడకుండా ఛాతీ చూసినా రసమేదో చెప్పొచ్చు. మన పద్యనాటకాల వేదిక ముందు తెల్లవార్లూ కూర్చున్నవాళ్ళకు ఇది తెలుసు. రాయబారంలో కృష్ణుడు పద్యం చివర రాగం ఎత్తుకుని గుక్క తిప్పకుండా సాగదీస్తుంటే, కింద జనం కూడా ఊపిరి బిగబట్టేవారు. ఆయన వదిలినప్పుడే వీళ్ళూ వదిలేవారు. అలా వదిలిన ఊపిరే ‘వన్స్ మోర్’ అనే కేక.

నటుడి దారిలో భావం ముందు, ఊపిరి వెనక. సాధకుడు ఈ దారిలోనే ఎదురు నడుస్తాడు. ముందు ఊపిరిని శాంతుడి ఊపిరిలా నడిపిస్తాడు, భావం దాని వెనక వచ్చి కూర్చుంటుంది. భరతుడు పేరుపెట్టి చెప్పినవి ఎనిమిది రసాలు. శాంతం తొమ్మిదోదని కాశ్మీరపు అభినవగుప్తుడు గట్టిగా నిలబెట్టాడు. తక్కిన రసాలన్నీ అందులోంచి లేచి అందులోకే అణుగుతాయని ఆయన భావన. అదే కాశ్మీరపు శైవం విజ్ఞానభైరవంలో 112 ధారణలు చెప్పింది. వాటిలో మొదటిది ఊపిరి మళ్ళే రెండు చోట్ల మనసు నిలపడం. శాంతానికి విభావమేమిటి, అనుభావమేమిటి అని పండితులు వాదించుకున్నారు గాని, నన్నడిగితే నాటకశాల దాకా వెళ్ళక్కర్లేదు. రేచకం తరువాతి ఆ అరక్షణమే శాంతానికి రంగస్థలం. నటుడూ ప్రేక్షకుడూ ఒకడే కావడం అక్కడి చమత్కారం.

ఇన్ని సూక్ష్మాల నడుమ దీనికో హాస్య పార్శ్వమూ ఉంది. 15వ శతాబ్దంలో స్వాత్మారాముడు రాసిన హఠయోగ ప్రదీపిక ఎనిమిది కుంభకాలు చెప్పింది. సూర్యభేదనం, ఉజ్జాయి, సీత్కారి, శీతలి, భస్త్రిక, భ్రామరి, మూర్ఛ, ప్లావిని. సీత్కారిలో పళ్ళ సందు నుంచి ‘స్‌స్‌స్’ అని గాలి పీల్చాలి. మాస్టారు చేసి చూపించగానే గదంతా నవ్వింది. కొత్త ఆవకాయ వేడన్నంలో కలిపి మొదటి ముద్ద పెట్టుకున్న తెలుగువాళ్ళంతా పుట్టుకతో సీత్కారి సిద్ధులే. శీతలికి నాలుకను గొట్టంలా చుట్టాలి. అది అందరికీ చేతకాదు. చేతకానివాళ్ళకు సీత్కారి ఉండనే ఉంది. రెండిటా గాలి తడి నాలుక మీదుగా చల్లబడి లోపలికి పోతుంది. కూజా మీది తడిగుడ్డకు గాలి తగిలినట్టన్న మాట.

ఉజ్జాయి గంభీరమైనది. కంఠాన్ని కొద్దిగా బిగిస్తే ఊపిరికి తంబురా జీరలాంటి ధ్వని వస్తుంది. ఆ ధ్వనికి చెవి అప్పగిస్తే చాలు, తక్కిన ఎరుకంతా దాని వెంటే వస్తుంది. భస్త్రిక అంటే కొలిమి తిత్తి. తత్వాలు పాడేవాళ్ళు ఒంటిని తోలుతిత్తి అన్నది వైరాగ్యంతో. భస్త్రిక చేసిన పొద్దున మాత్రం ఆ తిత్తి మీద గౌరవం కలుగుతుంది. ఒళ్ళంతా రాజుకున్న బొగ్గులా వెచ్చబడుతుంది.

ఇక భ్రామరి. చెవులు మూసుకుని, పెదవులు కలిపి, రేచకాన్ని తుమ్మెద ఝంకారంగా వదలాలి. పన్నెండు మంది ఒకేసారి చేసినప్పుడు ఒక్కో గొంతు ఒక్కో శ్రుతిలో మొదలై, రెండో మూడో ఆవృత్తికి ఎవరూ చెప్పకుండానే దగ్గరకు జరిగాయి. పుర్రె లోపల, కళ్ళ వెనక, పళ్ళ కుదుళ్ళలో అదే నాదం. త్యాగరాజు సారమతిలో కూర్చిన ‘మోక్షము గలదా’ కృతి ప్రాణమూ అగ్నీ కలవడం వల్ల నాదం పుట్టిందంటుంది. 13వ శతాబ్దంలో శార్‌ఙ్గదేవుడు సంగీత రత్నాకరంలోనూ ఆ మాటే చెప్పాడు. ఆ కృతి ఎన్నోసార్లు విని తల ఊపినవాణ్ణే. సంగతి మాత్రం నా పుర్రెలో తుమ్మెద తిరిగిన రోజున అర్థమైంది.

ఈ అందానికి కొలతలు కూడా దొరికాయి. లోనావలాలో 1924లో కైవల్యధామం స్థాపించిన స్వామి కువలయానంద ఈ విద్యను ప్రయోగశాల గుమ్మం ఎక్కించారు. పరిశోధకులు చూపించినదేమిటంటే, ఊపిరి పీల్చినప్పుడు గుండె కొంచెం వడివడిగా, వదిలినప్పుడు కొంచెం నిదానంగా కొట్టుకుంటుంది. గుండె కూడా రేచకంలో తెరిపిన పడుతుందన్న మాట. ఇటలీలో లూసియానో బెర్నార్డి బృందం 2001లో చేసిన పరిశీలన నాకు మరీ ఇష్టం. లాటిన్ జపమాల చదివినా, బౌద్ధుల మంత్రం జపించినా జనం ఊపిరి నిమిషానికి సుమారు ఆరుకు దిగింది, గుండె లయ కుదురుకుంది. ఖండాల దూరంలో పుట్టిన రెండు ప్రార్థనలు ఒకే తాళంలో కలిశాయి. తుమ్మెద సంగతీ 2002లో తేలింది. స్వీడన్ పరిశోధకులు మామూలు నిశ్వాసంతో పోలిస్తే ఝంకారంతో వదిలినప్పుడు ముక్కులో నైట్రిక్ ఆక్సైడ్ పదిహేను రెట్లు పెరుగుతుందని కొలిచారు.

ముక్కు రంధ్రాలు మార్చి మార్చి ఊపిరి నడిపే నాడీశోధన వేళ ఒక ముక్కు బిగిసినట్టు, ఇంకోటి తెరుచుకున్నట్టు ఉంటే జలుబేమో అనుకున్నాను. ముక్కు రంధ్రాలు కొన్ని గంటలకోసారి వంతులు మార్చుకుంటాయని 1895లోనే జర్మన్ వైద్యుడు రిషార్డ్ కైజర్ రాశాడు. మనవాళ్ళు ఎడమ దాన్ని చంద్రుడి ఇడ అన్నారు, కుడి దాన్ని సూర్యుడి పింగళ అన్నారు. వంతు మారే వేళ కాసేపు రెండూ సమంగా ఆడితే అది సుషుమ్న వేళ అన్నారు. మళ్ళీ సంధే!

అందమని వెంటపడితే కాలుజారే చోటూ ఉంది. నెల తిరగకుండానే భస్త్రిక బలంగా చేస్తే బలం త్వరగా వస్తుందనుకుని ఇంటి దగ్గర ఒంటరిగా చెలరేగాను. కళ్ళ ముందు నక్షత్రాలు, వేళ్ళలో తిమ్మిరి. అతిగా ఊదితే రక్తంలోని బొగ్గుపులుసు వాయువు తగ్గిపోయి మెదడుకు వెళ్ళే రక్తనాళాలు ముడుచుకుంటాయి. తల తిరగడం దానివల్లే. మర్నాడు చెబితే మాస్టారు నవ్వలేదు. “కొలిమి ఊదమన్నాను గాని కొంప అంటించమన్నానా అండీ?” అన్నారు. సింహాన్నీ ఏనుగునూ పులినీ మచ్చిక చేసినట్టు మెల్లమెల్లగా చేసుకోవాలని స్వాత్మారాముడు ముందే హెచ్చరించాడు. రక్తపోటు, గుండె జబ్బు, ఉబ్బసం, మూర్ఛ ఉన్నవాళ్ళూ గర్భిణులూ వైద్యుణ్ణి అడక్కుండా భస్త్రికకూ కుంభకానికీ పోకూడదు. కొత్తవాళ్ళకు నాలుగు అంకెలు పీల్చి ఆరు అంకెలు వదలడమే నిండు పాఠం. ఇందులో బలవంతం అపస్వరం. శ్రుతి తప్పిన సంగతి వినేవాడి కన్నా ముందు ఒంటికే తెలుస్తుంది.

నిమిషానికి 15 చొప్పున గంటకు 900, రోజుకు 21,600 ఊపిరులు. యోగగ్రంథాలు సరిగ్గా ఈ అంకెనే చెప్పి, ఒక్కో ఊపిరి ‘హంస’ అని పలుకుతోందన్నాయి. తిరగేసి వింటే ‘సోహం’. మనిషి పోయినప్పుడు హంస లేచిపోయిందనడం అక్కణ్ణుంచే మన వాడుకలోకి దిగింది. ఆ 21,600కూ రెండేసి మలుపులు. నలభై మూడు వేల పైచిలుకు సంధులు రోజూ నా ముక్కు కింద జరిగిపోతుంటే, పగలూ రాత్రీ కలిసే సంధ్య ఒక్కదాన్నే చూసి ఆహా అనుకుంటూ గడిపాను. సంధ్య వార్చేవాడు ముందుగా ప్రాణాయామం ఎందుకు చేస్తాడో ఇప్పుడు తోస్తోంది. బయటి సంధ్యకు లోపలి సంధ్యను జతచేయడానికి.

ఆషాఢంలో ఓ పొద్దున మాస్టారికి పాత ప్రశ్న గుర్తొచ్చింది. “ఆ రెండూ ఎక్కడికెళ్ళాయో ఎవరూ చెప్పలేదు.”

వెనక వరసలోంచి, ఎప్పుడూ నోరు విప్పని ఓ పెద్దావిడ అంది: “ఎక్కడికీ వెళ్ళలేదండి. కలిసి పొడుగయ్యాయి.”

మాస్టారు కాసేపు మాట్లాడలేదు. “తెలుగు సంధిలో ముందున్న అచ్చు తప్పుకుని వెనకదానికి చోటిస్తుంది. ఇక్కడ ఎవరూ తప్పుకోలేదు. ఇంతేనమ్మా పాఠం,” అన్నారు.

ఆ వారమే ఓ రాత్రి మా వీధిలో కరెంటు పోయింది. ఇంట్లో అందరూ ఒక్కసారి ‘అబ్బా’ అన్నారు. ఫ్యాను నెమ్మదించి, తటపటాయించి, ఆగింది. విసనకర్ర కోసం లేవబోయినవాణ్ణి మంచం అంచునే ఆగిపోయాను. చీకట్లో పక్కన నా భార్య ఊపిరి, సాగుతూ. అవతలి గదిలో అమ్మది, కాస్త గరగరగా, మధ్యమధ్య ఆలోచించుకుంటూ. మనవరాలిది పిచ్చుకలా వడివడిగా. మూడూ మూడు తాళాలు. వింటూ వింటూ ఉంటే ఒక్కచోట మూడూ ఒకేసారి వదిలి, ఏదీ ఇంకా పీల్చని ఒక ఖాళీ వచ్చింది. ఇల్లంతా నిండు కడవలా నిలిచింది.

అంతలో కరెంటు వచ్చింది. ఫ్యాను కదిలింది. నిద్రలోనే అమ్మ అంది, “హమ్మయ్య.”